పాత కొట్టానికి కొత్త తలుపు: గోడ జోలికి పోవద్దు

పల్నాడు పల్లెల్లో రాయి, మట్టి కలిపి కట్టిన గొడ్ల కొట్టాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. తాతల నాటి గోడలు గట్టిగానే ఉంటాయి. ముందు చెడేది తలుపే. గడప దగ్గర వానకు నాని, చెదపట్టి, పుచ్చిపోతుంది. మనం గోనెపట్టా అడ్డం కట్టి ఏళ్లు నెట్టుకొస్తాం.

మా ఊళ్లో ఎకరంన్నర రైతు ఒకాయన అట్లాగే నెట్టుకొచ్చాడు. ఒక రాత్రి పుచ్చిన సందులోంచి కుక్కలు దూరి 3 మేకపిల్లల్ని చంపేశాయి. విత్తనానికి దాచిన కందుల బస్తాను ఎలుకలు అప్పటికే సగం కొరికాయి. తెల్లారి ఆయన తలుపు కొందామని టౌనుకు పోయాడు. షాపులో ఉన్నవి ఆరున్నర, ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పువి. ఆయన గుమ్మమేమో ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 3 అడుగుల 8 అంగుళాలు.

గుమ్మం పైన గోడ కొట్టేసి, పక్కన ఇటుక కడితే సరిపోతుందని ఒకరు సలహా చెప్పారు. గడ్డపార ఎత్తే వేళకు ఊరి వడ్రంగి వచ్చి ఆపాడు. "అబ్బాయ్, గుమ్మం మీద అడ్డకర్రే పైగోడను, కప్పును మోస్తంది. దాన్ని కదిపావంటే తలుపు ఖర్చుతో పోదు, కొట్టమే మళ్లీ కట్టుకోవాల" అన్నాడు.

ఆ మాట నిజం. వెనకటి రోజుల్లో దొరికిన కర్రను బట్టి, లోపలికి పోయే గొడ్డును బట్టి గుమ్మం పెట్టేవారు. షాపు కొలత దానికి అతకదు. గుమ్మానికి తగ్గట్టు తలుపు చేయించుకోవటమే మేలు.

కొలత ఇలా తీయాలి

పాత గుమ్మాలు చాలావరకు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. వెడల్పును పైన, మధ్యన, కింద మూడుచోట్ల కొలవాలి. ఎత్తును రెండు పక్కలా చూడాలి. తర్వాత మూల నుంచి ఎదురు మూలకు తాడు పట్టాలి. రెండు తాళ్లూ సమానంగా లేకపోతే గుమ్మం వంకర ఉన్నట్టే. అప్పుడు అంకెలను నమ్ముకోకుండా, వెదురు బద్దలు గుమ్మంలో పెట్టి అదే ఆకారంలో చట్రం కట్టి వడ్రంగికి ఇవ్వాలి. పక్కలా, పైనా పావు అంగుళం వదులు ఉంచమనాలి. వానకు చెక్క ఉబ్బితే తలుపు బిగుసుకోకుండా ఉంటుంది.

ద్వారబంధాన్ని మొనగల ఇనుప చువ్వతో అక్కడక్కడా పొడిచి చూడండి. గట్టిగా తగిలితే దాన్నే ఉంచుకోవచ్చు. కొన్ని పాత తలుపులకు బందులుండవు. చెక్కలో తీసిన ముక్కు గడప గుంటలో తిరుగుతుంది. ఆ గుంటలో నీళ్లు నిలిచే తలుపు పుచ్చేది. దాన్ని సిమెంటుతో పూడ్చి ఇనుప బందులు వేయించుకోవాలి. కొయ్య గడప పాడైతే దాని చోట నాపరాయి పెట్టుకుంటే చెద బాధ తగ్గుతుంది.

ఒక రెక్కా, రెండా?

గుమ్మం మూడడుగులు దాటితే రెండు రెక్కలే మంచిది. వెడల్పాటి ఒంటి రెక్క బరువుకు వాలిపోయి నేలను రాస్తుంది. ప్రతి రెక్కకూ అంగుళం మందం బద్దలు, వెనక మూడు అడ్డపట్టీలు, వాటి మధ్య ఏటవాలు పట్టీలు వేయాలి. ఏటవాలు పట్టీ కింది కొస బందుల వైపు, పై కొస గొళ్లెం వైపు ఉండాలి. ఇది తారుమారైతే రెక్క వాలుతుంది. దగ్గరుండి చూసుకోండి.

వీలుంటే తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపల గొడ్డు తలుపుకు ఆనుకుని పడుకున్నా, నిప్పంటుకుని గొడ్లు మీదికి తోసుకొచ్చినా లోపలికి తెరిచే తలుపు కదలదు.

వేప, నల్లతుమ్మ కర్ర బాగా ఆరినదైతే మన్నుతుంది. పచ్చి కర్రతో చేస్తే ఎండాకాలానికి సందులు విడుస్తుంది. తలుపు అడుగున, బయటి వైపు అడుగెత్తు ఇనుప రేకు కొట్టి, కింది అంచును చెక్క అడుగు మీదికి మడవాలి. రేకు కొట్టే ముందు బద్దల కింది కొసలకు రెండుసార్లు రంగు పట్టించాలి. రెండు రెక్కలు కలిసేచోట సందు కనపడకుండా ఒక పట్టీ వేయాలి.

మా ఊరి రైతుకు తన చేలో పడిపోయిన వేపచెట్టు చెక్క రెండేళ్లుగా నీడన ఆరి ఉంది. పాత తలుపులో పుచ్చని బద్దలు అడ్డపట్టీలకు పనికొచ్చాయి. పాత గొళ్లెమే మళ్లీ వేశారు. బందులు, మేకులు, రేకు మాత్రం కొన్నాడు. వడ్రంగి రెండు రోజుల్లో పని ముగించాడు.

పని అయ్యాక రాత్రిపూట లోపల లైటు పెట్టి, తలుపు మూసి బయటి నుంచి చూడండి. వెలుతురు వచ్చే చోటు గుర్తు పెట్టుకోండి. పెన్సిల్ దూరేంత సందు ఉంటే చిట్టెలుక దూరుతుంది. అక్కడ రేకు గాని, సన్న పట్టీ గాని కొట్టించండి. వానలు పట్టకముందే ఈ పని చేసుకుంటే మంచిది.

ఆ రైతుకు పోయిన మేకపిల్లలు తిరిగి రావు. కందులు మాత్రం ఈసారి విత్తనానికి మిగిలాయి.