తడి ఆరకముందే నూనె: చలికాలంలో చర్మ సంరక్షణ

నవంబరు దాటి పొడిగాలులు వీచడం మొదలైతే దక్కను పీఠభూమి మీద గాలిలోని తేమ తగ్గిపోతుంది. హైదరాబాదు నగరంలో ఈ మార్పును ముందుగా గుర్తించేది మన చర్మమే. మోకాళ్ళ కింద తెల్లని పొట్టు, వేళ్ళ కణుపుల మీద సన్నని చీలికలు, రాత్రి దుప్పటి కప్పుకోగానే లేచే దురద, ఫజ్ర్ వేళ చన్నీళ్ళు తగిలితే మడమల పగుళ్ళలో మంట. ఇవి తెలియని కుటుంబం అరుదు.

దీనిని చిన్న బాధగా తీసిపారేసేవారే ఎక్కువ. కాని గోకిన చోట చర్మం చిట్లుతుంది, చిట్లిన చోట సూక్ష్మక్రిములు చేరుతాయి, నిద్ర కరువవుతుంది. ఓర్పు నశించి మందుల దుకాణంలో చేతికందిన క్రీము రాసుకుంటే అసలు జబ్బు కన్నా పెద్ద నష్టం జరగవచ్చు. ఇంట్లోనే, తక్కువ ఖర్చుతో, క్రమం తప్పకుండా చేసుకోదగిన సంరక్షణను మన ప్రాచీన వైద్యం ఎప్పుడో చెప్పింది. దానిని సరైన పద్ధతిలో ఆచరించడమే మనం నేర్చుకోవలసినది.

బాలానగర్ చేతులు

ఈ బాధ తీవ్రత తెలియాలంటే బాలానగరును చూడాలి. ప్రభుత్వ రంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్ వెలసిన ప్రాంతమిది. 1968లో స్థాపితమైన కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ నేటికీ ఇక్కడే యువతకు శిక్షణ ఇస్తున్నది. వీటి చుట్టూ లేతు మిషన్లు, మిల్లింగ్, గ్రైండింగ్ పనుల చిన్న చిన్న షెడ్లు అసంఖ్యాకంగా వెలిశాయి. ఆ షెడ్లలో పనిచేసే కార్మికుని చేతులు రోజంతా కూలెంటు నీటిలో, కటింగ్ ఆయిలులో తడుస్తాయి. సాయంత్రం జిడ్డు వదిలించుకోవడానికి కిరోసినో, థిన్నరో, బట్టల సబ్బుపొడో వాడతారు. జిడ్డు పోతుంది; దానితోపాటు చర్మం తనకోసం తయారు చేసుకున్న సహజమైన నూనె కూడా పోతుంది.

అదే ఇంటి కుమారుడు హైటెక్ సిటీలో ఏసీ గదిలో తొమ్మిది గంటలు కూర్చుంటాడు. ఏసీ గాలి తేమను పీల్చివేస్తుంది. ఇల్లాలి చేతులు పగలంతా గిన్నెలు తోమే సబ్బులో, బట్టల నీళ్ళలో నానుతాయి. ఇంటి పెద్దవారికి వయసు వల్ల చర్మంలో నూనె ఊరడమే తగ్గిపోయి ఉంటుంది. కారణాలు నాలుగైనా ఫలితం ఒక్కటే.

చర్మం ఎందుకు పొడిబారుతుంది?

చర్మపు పైపొరను ఇటుకల గోడతో పోల్చవచ్చు. కణాలు ఇటుకలైతే, వాటి మధ్యనున్న కొవ్వు పదార్థాలు సున్నపు అడుసు. వేడినీళ్ళు, ఘాటైన సబ్బు ఆ అడుసును కరిగిస్తాయి. గోడకు బీటలు పడితే లోపలి తేమ బయటికి ఆవిరైపోతుంది. బయటి ధూళి, రసాయనాలు లోపలికి చొరబడి దురద పుట్టిస్తాయి.

ఆయుర్వేదం ఇదే స్థితిని వాతదోషంతో ముడిపెట్టింది. చలి, పొడితనం వాతానికి గుణాలు. వాటికి విరుగుడు స్నిగ్ధత, వెచ్చదనం. అందుకే వాగ్భటుని ‘అష్టాంగ హృదయం’ హేమంత రుతుచర్యలో నూనెతో అభ్యంగనాన్ని విధించింది. యునానీ వైద్యం కూడా శరీర ప్రకృతిలో పొడితనం హెచ్చినప్పుడు తడిని, స్నిగ్ధతను ఇచ్చే చికిత్సనే చెబుతుంది.

అభ్యంగనం ఎలా చేయాలి?

నువ్వుల నూనెను గోరువెచ్చగా చేసి, స్నానానికి అరగంట ముందు చేతులకు, కాళ్ళకు, వీపునకు మెల్లగా మర్దన చేయాలి. ఆపై గోరువెచ్చని నీటితోనే స్నానం చేయాలి. గీజరు నీళ్ళు ఒళ్ళు ఎర్రబడేంత వేడిగా ఉండరాదు. స్నానం పది నిమిషాలలో ముగించడం మంచిది. సబ్బును చంకలకు, గజ్జలకు, పాదాలకు పరిమితం చేసి, మిగిలిన ఒంటికి మీగడ కలిపిన పెసరపిండిని పలుచగా వాడవచ్చు. పొడి సున్నిపిండితో గట్టిగా రుద్దితే ఉన్న నూనె కూడా పోతుంది.

అసలు కీలకం స్నానానంతరం ఉంది. నూనె చర్మానికి నీటిని ఇవ్వదు. ఉన్న నీటిని నిలుపుతుంది. కాబట్టి తువాలుతో రుద్దకుండా అద్దుకొని, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాలలో పలుచగా నూనె రాయాలి. పూర్తిగా ఆరిన చర్మానికి ఎంత నూనె పట్టించినా సగం ప్రయోజనమే. స్నానాల గదిలో నూనె పడితే కాలు జారుతుంది. పెద్దవారున్న ఇళ్ళలో ఈ విషయం మరువరాదు.

ఏ నూనె మేలు?

పెద్దలకు నువ్వుల నూనె, కొబ్బరి నూనె రెండూ మంచివే. 2004లో ఫిలిప్పీన్స్ వైద్యులు ప్రచురించిన ఒక పరిశోధనలో, చర్మం పొడిబారిన 34 మందికి రెండు వారాలపాటు రోజుకు రెండుసార్లు కొబ్బరి నూనెనో, మినరల్ ఆయిలునో రాయగా రెండూ సమానంగా మేలు చేశాయని తేలింది.

మన ఇళ్ళలో జైతూన్ నూనెకు ప్రత్యేక గౌరవముంది. ఆహారంగా దాని మేలు ప్రసిద్ధం. అయితే చర్మం విషయంలో ఒక మాట గమనించాలి. ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, జైతూన్ నూనె రాసిన పెద్దల చర్మంలో రక్షణ పొర బలహీనపడి స్వల్పంగా ఎర్రదనం కనిపించింది. పొద్దుతిరుగుడు నూనె రాసినవారిలో ఆ పొర చెక్కుచెదరలేదు. కనుక ఇప్పటికే చర్మం పొడిబారినవారు, పసిపిల్లల తల్లులు జైతూన్ మర్దనకు తొందరపడకపోవడం మంచిది. ఆవనూనె కూడా కొందరి చర్మానికి మంట కలిగిస్తుంది. ఏ నూనెనైనా మొదట మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి, ఒక రోజు వేచి చూసి, తరువాతే ఒంటికి వాడాలి.

ఆయుర్వేదంలో శతధౌత ఘృతమనే లేపనముంది. నేతిని రాగి పాత్రలో చన్నీటితో మర్దించి, ఆ నీటిని పారబోసి, మళ్ళీ కొత్త నీరు పోసి, ఇలా నూరుసార్లు చేస్తే తెల్లని వెన్నవంటి మెత్తని పదార్థం తయారవుతుంది. ఓపిక కావాలి గాని, మంట పుట్టే పొడి చర్మానికి ఇది చల్లదనాన్నిస్తుంది.

మడమల పగుళ్ళకు మైనం

మడమల చీలికలను ఆయుర్వేదం ‘పాదదారి’ అన్నది. ఒక వంతు స్వచ్ఛమైన తేనెమైనాన్ని ఆరు వంతుల నువ్వుల నూనెలో సన్నని సెగ మీద కరిగించి చల్లార్చితే మెత్తని లేపనం సిద్ధమవుతుంది. ఆయుర్వేదంలో దీనిని సిక్థ తైలమంటారు. యునానీ హకీములు మైనం, నూనె కలిపి చేసే ‘కైరూతీ’ దీనికి దగ్గరి బంధువే. రాత్రి పాదాలను పది నిమిషాలు గోరువెచ్చని నీటిలో ఉంచి, తుడిచి, ఈ లేపనం రాసి నూలు మేజోళ్ళు తొడుక్కోవాలి. రెండు వారాలలో పగుళ్ళు మెత్తబడడం కనిపిస్తుంది. షెడ్డులో పనిచేసేవారు చేతి వేళ్ళకు కూడా రాత్రివేళ దీనిని వాడవచ్చు. పని ముగియగానే థిన్నరుకు బదులు మొదట కొద్దిగా వంటనూనెతో జిడ్డును కరిగించి, గుడ్డతో తుడిచి, ఆపై సాధారణ సబ్బుతో కడుక్కుంటే చర్మం దెబ్బతినదు.

వుజూ వేళ జాగ్రత్తలు

రోజుకు ఐదుసార్లు వుజూ చేసేవారికి సహజంగానే ఒక సందేహం వస్తుంది: నూనె రాసుకుంటే వుజూ అవుతుందా? చర్మంలో ఇంకి, పైన పొరగా నిలవని నూనె వుజూకు ఆటంకం కాదని ధర్మవేత్తలు తెలిపారు. నీరు చర్మానికి తగలకుండా గట్టి పొర కట్టే మైనాన్ని మాత్రం తొలగించాలి. అందుకే మైనపు లేపనాన్ని ఇషా నమాజు తరువాత రాసుకొని, ఫజ్ర్ వేళ గోరువెచ్చని నీటితో, మెత్తని గుడ్డతో తుడిచివేయడం సులభమైన పద్ధతి.

వుజూ అవయవాలను మూడుసార్లకు మించి కడగనవసరం లేదు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరుకు తక్కువ కొలతతోనే, వుజూ చేసేవారని హదీసులు తెలుపుతున్నాయి. ఈ మితం నీటికే కాదు, చర్మానికీ మేలే. వుజూ తరువాత తడిని గాలికి ఆరనివ్వక, వేళ్ళ సందులతో సహా అద్దుకొని, రెండు చుక్కల నూనె రాసుకోవాలి. పగుళ్ళు బాధిస్తుంటే తోలు మేజోళ్ళ మీద మసహ్ చేసే సౌలభ్యం ఉన్నది: వుజూతో తొడిగినవారికి స్వస్థలంలో ఒక పగలు, ఒక రాత్రి. గాయాలకు నీరు హాని చేస్తుందనిపిస్తే ఓర్చుకొని బాధపడకుండా ఆలిములను అడిగి తెలుసుకోవాలి.

సహజమైనదంతా సురక్షితం కాదు

వేపాకు, పసుపు, కలబంద మంచివే. మితిమీరితే అవీ చర్మాన్ని ఎండబెడతాయి. కలబంద కోసినప్పుడు కారే పసుపుపచ్చని జిగురును పూర్తిగా కారనిచ్చి, లోపలి తెల్లని గుజ్జునే వాడాలి. ఆ జిగురు దురద పెంచుతుంది. చిట్లిన చర్మానికి నిమ్మరసం, ఉప్పు తగలనీయరాదు.

మరింత ప్రమాదకరమైనది స్టెరాయిడ్ కలిసిన క్రీము. రాసిన గంటకే దురద తగ్గుతుంది గనుక నమ్మకం కలుగుతుంది. నెలల తరబడి వాడితే చర్మం పలుచబడి, ఎర్రబడి, మానగానే దురద రెట్టింపవుతుంది. తామర ఉంటే లోలోపల వ్యాపిస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పలు క్రీములను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని ఆదేశించింది. పొరుగువారు ఇచ్చిన ట్యూబును ముఖానికి, పసివారికి ఎన్నడూ రాయవద్దు.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

రెండు వారాల సంరక్షణతో గుణం కనిపించకపోతే వైద్యుని కలవాలి. రాత్రివేళ ఇంటిల్లిపాదికీ దురద వస్తే అది గజ్జి కావచ్చు. నూనెతో తగ్గదు, ఇంట్లో అందరూ ఒకేసారి మందు వాడాలి. అంచులు తేలిన గుండ్రని మచ్చలుంటే తామర అనుమానించాలి. ఒంటిపై మచ్చ ఏదీ లేకుండా ఒళ్ళంతా దురదగా ఉంటే మధుమేహం, థైరాయిడ్, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు అవసరం కావచ్చు. గర్భిణులకు నెలలు నిండే కాలంలో అరచేతులు, అరికాళ్ళు విపరీతంగా దురద పెడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. మధుమేహ రోగులు మడమ పగులును స్వయంగా గీకడం, కోయడం చేయరాదు.

బాలానగర్ పరిసరాలవారికి ఇందుకు దూరం వెళ్ళే పని లేదు. సమీపంలోని ఎర్రగడ్డలోనే ప్రభుత్వ ఆయుర్వేద వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. చర్మవ్యాధులకు ప్రత్యేకించిన జాతీయ యునానీ వైద్య పరిశోధనా సంస్థ కూడా అక్కడే ఉన్నది. వెళ్ళేటప్పుడు ఇంతవరకు వాడిన క్రీములు, మందుల పేర్లు వెంట తీసుకువెళ్ళండి.

శరీరం మనకు అప్పగించబడిన అమానతు. పగలంతా యంత్రానికి నూనె వేసే చేతికి, ఇంటిల్లిపాదికీ వండి వడ్డించే చేతికి రాత్రి రెండు చుక్కల నూనె ఆడంబరం కాదు, ఆ చేతికి చెందవలసిన హక్కు. ఈ రాత్రి ఇషా తరువాత ఇంటి పెద్దవారి పాదాలతో ఈ అలవాటును ప్రారంభించండి.