మీకు తెలుసా? పెయింటర్ల కోసం 1921లోనే ఓ ఒప్పందం

ఒకప్పుడు తెల్ల పెయింటంటే చాలావరకు సీసపు రంగే. ఆరిన పూతను ఉప్పుకాగితంతో రుద్దితే లేచే దుమ్ము పెయింటర్ ఒంట్లోకి విషాన్ని చేరవేసేది. అందుకే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో జెనీవాలో 13వ ఒప్పందం చేసి, భవనాల లోపలి పూతల్లో ఆ రంగును నిషేధించింది. రైల్వే స్టేషన్లకు, పరిశ్రమలకు మినహాయింపు ఇవ్వొచ్చంది.  ఆ రంగు వాడే చోట పాటించాల్సిన జాగ్రత్తలూ చెప్పింది: పని మధ్యలోనూ, ముగిశాకా కడుక్కునే వసతి ఉండాలి. పనిబట్టలు వేసుకోవాలి. విప్పి పెట్టిన సొంత బట్టలకు రంగు అంటకూడదు. ఇంత వివరంగా రాసిన ఆ ఒప్పందాన్ని భారత్ ఆమోదించలేదు. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దగ్గర 2017 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగేసిన గోడలు, తలుపులు గీకేటప్పుడు పొడిగా కాదు, తడిపి రుద్దాలి.