అంబాసిడర్ కింద మెలితిరిగే కడ్డీ

చీపురుపల్లిలో ఇంటర్ ఫిజిక్స్ క్లాసు. స్థితిస్థాపకత పాఠం నడుస్తుండగా ఒక కుర్రాడు లేచాడు. "సార్, మా తాత అంబాసిడర్ ముందు ఒకపక్క కుంగింది. ఎత్తు సరిచేయమని ఇస్తే సీట్లు, వైరింగు కూడా ఊడదీశారు. ఎందుకు సార్?"

ఎంత మంచి ప్రశ్న! జవాబు ఆ బండి కట్టుబడిలోనే ఉంది.

పాత అంబాసిడర్‌కి వెనక కమాను పట్టీలుంటాయి, ముందు మాత్రం ఉండవు. ముందు చక్రాన్ని మోసే చేతి నుంచి ఒక పొడవాటి ఉక్కు కడ్డీ బండి కింద వెనక్కి సాగి, నేలరేకు కింది అడ్డపట్టీలో బిగుసుకుని ఉంటుంది. అదే టార్షన్ బార్. చక్రం గతుకెక్కితే చేయి పైకి లేస్తుంది, కడ్డీ తడిబట్టను పిండినట్టు మెలితిరుగుతుంది. గతుకు దాటగానే మెలి విప్పుకుని చక్రాన్ని కిందికి నొక్కుతుంది. చుట్టల్లేవు, పట్టీల రాపిడి లేదు. ఒక్క కడ్డీయే స్ప్రింగు!

దీని లెక్క ఇంకా ముచ్చటైనది. కడ్డీ బిగువు వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం 10 శాతం తగ్గితే బిగువులో మూడో వంతుకు పైగా పోతుంది. పైగా మెలి ఒత్తిడి కడ్డీ నడిమధ్యలో సున్నా, పైపొరలో గరిష్ఠం. అందుకే పైన పడిన చిన్న తుప్పుగుంట కూడా పగులుకు దారి తీస్తుంది.  

కడ్డీ చివర్లలో పళ్ళుంటాయి. అడ్డపట్టీ దగ్గర ఆ పళ్ళను పట్టి ఉంచే పట్టును కాస్త తిప్పి బిగిస్తే కుంగిన పక్క లేస్తుంది. చిన్న పనే. అయితే ఆ పట్టు దేన్ని ఆనుకుని ఉంది? అలెక్ ఇసిగోనిస్ రూపొందించగా 1948లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశంలోది అంబాసిడర్. ఈ వంశపు బండ్లకు విడిగా ఛాసీ ఉండదు. అడ్డపట్టీ, నేలరేకు, తలుపుల కింది గుమ్మాలు, పైకప్పు కలిసే బరువు మోస్తాయి.

కార్పెట్ కింద వాననీరు నిలిచిందంటే అడ్డపట్టీ లోలోపల తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కాబట్టి అతుకుల మధ్య చేరి రేకులను విడదీస్తుంది. అలాంటి పట్టీలో కడ్డీని బిగిస్తే రేకు చిరుగుతుంది. పట్టీ మార్చాలంటే వెల్డింగ్ చేయాలి. వెల్డింగ్ అంటే నిప్పురవ్వలు. కాబట్టి సీట్లు, కార్పెట్, వైర్లు, పెట్రోలు గొట్టం తీయాల్సిందే. వెల్డింగు పట్టేంత గట్టి రేకు తగిలేదాకా కోసుకుంటూ పోతే ఆ కోత గుమ్మం దాకా వస్తుంది. ఊతం పెట్టకుండా గుమ్మం కోస్తే బండి నడుము వంగి తలుపులు పడవు. లోపల ఊతకడ్డీలు బిగించాలి, అతుకులు వేయాలి, ఆఖరికి రంగు కూడా కొట్టాలి. చక్రం బరువు ఏ దారిన పోతుందో మరమ్మతు కూడా ఆ దారినే పోతుంది.

ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, 2017లో ఆ పేరు ప్యూజో కంపెనీకి అమ్ముడైంది. మన ఊళ్ళలో మిగిలిన బండ్లను కాపాడుకోవడం ఇక మన చేతుల్లోనే ఉంది. స్పానరు పట్టేముందు స్క్రూడ్రైవర్‌తో అడ్డపట్టీని గట్టిగా పొడిచి చూడండి. దిగకపోతే ఎత్తు సరిచేసుకుంటే చాలు. దిగబడితే మాత్రం మొత్తం పనికి డబ్బూ సమయమూ సమకూర్చుకున్నాకే విప్పండి. సగం కోసి వదిలేసిన బండి కన్నా కుంగిన బండే నయం.