శునకభయము - వివేకము

2023వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున హైదరాబాదు అంబరుపేటలో నాలుగేండ్ల పసిబాలుని వీధికుక్కలు కఱచి చంపిన వార్త విని కంట తడిపెట్టని తల్లి యుండదు. అది మొదలు మా వీధిలో పలువురు తల్లులు పిల్లలను గుమ్మము దాటనీయరైరి. ఆ భయమును మేము పరిహసింపము. మాకును అది కలిగినది. కాని భయము వివేకముతో కూడినప్పుడే రక్షకమగును. లేనిచో కన్నులకు గంతలు కట్టును.

ఒక్కసారి లెక్క చూతము. 2022వ సంవత్సరమున మన దేశమున రహదారి ప్రమాదములందు మరణించినవారు 1,68,491 మంది. ఆ యేడే నీట మునిగి పోయినవారు ముప్పదివేలకు పైబడిరి. 2000 మొదలు 2019 వఱకు పాముకాటుచే ఏటేట సుమారు 58,000 మంది గతించిరని పరిశోధకుల యంచనా. కుక్కలు మీదపడి చీల్చుటచే ప్రాణము పోవుట వీనితో పోల్చిన మిక్కిలి యరుదు. అరుదు గనుకనే అది పెద్దవార్త యగుచున్నది. చెఱువులో మునిగిన బిడ్డ కథ రెండు పంక్తులలో ముగియును.

అట్లని కుక్కకాటు అల్పమని తలంపరాదు. 2024లో మన దేశమున 37,17,336 కాట్లు నమోదైనవి. వీనిలో అసలు మృత్యువు గాయముయొక్క పెద్దతనమున లేదు. జలభయరోగమున, అనగా రేబిసునందు, ఉన్నది. ఆ రోగలక్షణములు పొడసూపిన పిమ్మట బ్రతికి బయటపడుట దాదాపు లేదు. ముందే సూదిమందు పడినచో ఆ రోగమును రాకుండ నాపవచ్చును. కావున గుంపుగా వచ్చు కుక్కలకంటె, మనము లెక్కచేయని చిన్న గీతకే యెక్కువ వెఱవవలెను.

ఇది మేము అనుభవమున నేర్చితిమి. గడచిన వేసవిలో మా చిన్నవానికి కుక్కపిల్ల పన్ను గీరినది. తిట్లు తినవలసి వచ్చునని వాడు రెండు దినములు దాచెను. తలంటి పోయుచుండగా పిక్కమీది గీత మా కంటబడినది. వెంటనే ఆసుపత్రికి గొనిపోయి, సూదులన్నియు క్రమముగా వేయించితిమి. వాడు క్షేమముగ నున్నాడు. కాని ఆ రెండు దినముల మౌనమునకు కారణము కుక్క కాదు, మా కోపము!

సోదరీమణులారా! కాటు పడినతోడనే గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో, పదునైదు నిమిషములు కడుగుడు. కారము, సున్నము, పసరులు పూయకుడు. ఆ దినముననే వైద్యుని చూడుడు. నెత్తురు వచ్చినచో గాయమునందు వేరొక మందు కూడ నెక్కింపవలసి యుండును. అది యడిగి వేయించుడు. వైద్యుడు చెప్పిన తేదీలలో ఒక్కటియు తప్పకుడు. తినుచున్న కుక్కను, పిల్లల తల్లియైన కుక్కను కదపవలదని బిడ్డలకు నేర్పుడు. కుక్కలు గుంపుగూడు చోటికి పసివారి నొంటరిగ పంపకుడు.

అన్నిటికంటె ముందు, "కుక్క గీరినదమ్మా" యని చెప్పిన బిడ్డను గద్దింపక దగ్గఱకు తీసికొనుడు. ఆ మాట చెప్పు ధైర్యమే వానికి మొదటి మందు.