కాగితం చూచి కలవరపడవద్దు

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మన మెదక్ కెథెడ్రల్ ఆవరణలో, ఒక ఆదివారం ఆరాధన ముగిసిన పిమ్మట, మూడవ నెల గర్భిణియైన ఒక సహోదరి కన్నీళ్లతో మా వద్దకు వచ్చింది. చేతిలో రక్తపరీక్ష కాగితం. అందులో "రుబెల్లా ఐజీజీ పాజిటివ్" అని ఉన్నది. "బిడ్డ అవిటిదై పుడుతుందట అక్కా, తీయించుకొమ్మని ఇరుగుపొరుగువారు అంటున్నారు" అన్నది. ఇటువంటి కాగితం మన ఇండ్లకు కూడా రావచ్చు గనుక, దాని అర్థం తెలిసికొందాము.

రుబెల్లా తట్టును పోలిన జబ్బు. పిల్లలకు కొద్దిపాటి జ్వరం, ఎర్రని దద్దుర్లు వచ్చి నాలుగు రోజుల్లో పోతుంది. అయితే గర్భిణికి తొలి మూడు నెలల్లో సోకితే, కడుపులోని బిడ్డకు కన్ను, చెవి, గుండె దెబ్బతినవచ్చు. కంటి శుక్లాలతో పుట్టిన శిశువులను చూచి, 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ ఈ సంగతి బయటపెట్టాడు.

జబ్బును ఎదిరించుటకు మన రక్తంలో పుట్టే పదార్థాలే యాంటీబాడీలు. ల్యాబులో వీటిలో రెండు రకాలను చూస్తారు. ఐజీఎం ఇటీవల జబ్బు సోకినప్పుడు పుట్టి, కొన్ని వారాలకు తగ్గిపోతుంది. ఐజీజీ పూర్వం వచ్చిన జబ్బు వలన గాని, టీకా వలన గాని పుట్టి, ఏండ్ల తరబడి కావలి కాస్తుంది. కాబట్టి ఐజీఎం లేక ఐజీజీ మాత్రమే ఉంటే, సాధారణంగా అది కీడు కాదు, రక్షణ. ఐజీఎం పాజిటివ్ అని వచ్చినా ఒక్కోసారి పొరపాటు కావచ్చు. రెండు మూడు వారాలకు మరల పరీక్షించి డాక్టరు నిర్ధారించాలి. ఒక్క కాగితం చూచి గర్భం తీయించుకొనరాదు.

ఆ సహోదరిని స్త్రీల డాక్టరు వద్దకు తీసికొని వెళ్లాము. ఐజీఎం నెగెటివ్. "చిన్నప్పుడు టీకా వేశారా?" అని డాక్టరమ్మ అడిగింది. అప్పుడు ఆమెకు జ్ఞాపకం వచ్చింది. 2017 ఆగస్టులో తెలంగాణలో తొమ్మిది నెలల నుండి పదిహేనేండ్ల లోపు పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా వేసినప్పుడు, బడిలో తానూ వేయించుకొన్నది! భయపెట్టిన ఆ కాగితం టీకా పనిచేసినదని చెప్పిన సాక్ష్యమే.

తల్లిదండ్రులారా, మన బిడ్డలకు తొమ్మిది నెలలు నిండగానే ఒకసారి, పదహారు నుండి ఇరువదినాలుగు నెలల మధ్య మరొకసారి ఈ టీకా ఉచితంగా వేస్తారు. తప్పక వేయించండి. ఐజీజీ లేని యువతులు గర్భం రాకముందే డాక్టరును అడిగి వేయించుకొని, ఒక నెల ఆగాలి. గర్భిణులకు ఈ టీకా వేయరాదు.

అత్తలారా, కాగితం చూచి కోడలిని నిందించకండి. ప్రార్థించండి, డాక్టరును అడగండి. ఆ సహోదరికి నెలలు నిండి ఆరోగ్యవంతురాలైన ఆడబిడ్డ పుట్టింది. బాప్తిస్మపు దినమున ఆ బిడ్డను ఎత్తుకొని, మేము దేవుని స్తుతించాము.