కథలే మాటలైన భాష: ‘డార్మాక్’ కథపై ప్రేక్షకాభిప్రాయములు

ఒక జాతి మాటలాడు భాషకును, ఆ జాతి చెప్పుకొను కథలకును గల సంబంధమెట్టిది? కథలు మరచిన పిదప భాష నిలుచునా? ఈ ప్రశ్నలు భాషాశాస్త్రజ్ఞులకు మాత్రమే చెందినవి కావు. పొరుగు భాషల నడుమ తరతరములుగా కాపురమున్న ప్రతి కుటుంబమునకును ఇవి నిత్యానుభవములోనివే. వీనిని వస్తువుగా గైకొని, ప్రేక్షకులలో నేటికిని చల్లారని చర్చను రేకెత్తించిన టెలివిజను కథ యొకటి కలదు. దాని పేరు ‘డార్మాక్’.

‘స్టార్ ట్రెక్’ అను వైజ్ఞానిక కల్పనా ధారావాహికను జీన్ రాడెన్‌బెరీ రూపొందించెను. అది మొదట 1966 నుండి 1969 వరకు అమెరికాలో ప్రసారమయ్యెను. దాని తరువాతి తరము కథలు ‘ది నెక్స్ట్ జనరేషన్’ అను పేరున 1987 నుండి 1994 వరకు వెలువడినవి. అందు అయిదవ సీజనులోని రెండవ కథయే ‘డార్మాక్’. ఇది 1991 సెప్టెంబరు మాసాంతమున తొలిసారి ప్రసారమైనది. కథను ఫిలిప్ లజెబ్నిక్, జో మెనోస్కీ కల్పింపగా, మెనోస్కీ నాటకీకరించెను. దర్శకుడు విన్‌రిక్ కోల్బీ. కెప్టెన్ పికార్డ్‌గా పాట్రిక్ స్టీవర్ట్, పరజాతి నౌకాధిపతి డేథన్‌గా పాల్ విన్‌ఫీల్డ్ నటించిరి.

కథాసంగ్రహము

పికార్డ్ నడుపు ‘ఎంటర్‌ప్రైజ్’ నౌకలో ఏ గ్రహవాసుల భాషనైనను వినిన వెంటనే తెలిగించినట్లుగా తమ భాషలోనికి మార్చి వినిపించు యంత్రము కలదు. అట్టి యంత్రముండియు టమేరియనులను జాతితో సంభాషణ కుదరలేదు. అంతకుముందు నూరేండ్లలో ఏడుమారులు ఎదురుపడినను, వారి మాట వీరికి తెలియలేదు. మాటలు విడివిడిగా తెలియుచునే యున్నవి; భావము మాత్రము తెలియదు. ఏలయన టమేరియనులు ఏ విషయమునైనను తమ పురాణగాథలలోని వ్యక్తులను, స్థలములను, సన్నివేశములను పేర్కొనియే తెలుపుదురు. షాకా యనువాని గోడలు కూలిన వేళను తలచినచో అపజయమని అర్థము. టెంబా చేతులు చాచుటను పేర్కొన్నచో దానము. సోకథ్ కన్నులు తెరచుకొనుట గ్రహింపు. టెమార్క్ నదీ తీరమందలి శీతకాలమును తలచినచో మౌనము వహింపుమని ఆజ్ఞ.

సంభాషణ విఫలము కాగా, డేథన్ సాహసమునకు ఒడిగట్టెను. పికార్డ్‌ను బలవంతముగా ఎల్-అడ్రెల్ అను గ్రహముపై దింపి, తానును దిగెను. ఆ గ్రహమున కంటికి సరిగా కానరాని భీకర మృగమొకటి తిరుగుచున్నది. డేథన్ చాకు నందింపగా పికార్డ్ దానిని ద్వంద్వయుద్ధమునకు పిలుపని భ్రమించెను. రాత్రి చలిలో నిప్పు రాజవేయలేక పికార్డ్ అవస్థపడుచుండ, డేథన్ మండుచున్న కొరవి నొకదానిని అతని వైపు విసరెను. అప్పుడు పలికినది టెంబా పేరు. ఇట్లు చేతలను మాటలతో జోడించి చూచి, పికార్డ్ ఒక్కొక్క పదమునే గ్రహించెను. డార్మాక్, జలాడ్ అను ఇరువురు వీరులు టనాగ్రా దీవికి వేరువేరుగా వచ్చి, ఒకే మృగముతో కలిసి పోరాడి, మిత్రులై మరలిరి. ఆ కథను తమ యిరువురి బ్రతుకులలో తిరిగి జరిపించుటయే డేథన్ తలంపు.

తలంపు నెరవేరినది గాని, దాని మూల్యము ప్రాణమైనది. పోరు ముమ్మరముగా నున్న క్షణమున ఎంటర్‌ప్రైజ్ వారు పికార్డ్‌ను వెనుకకు లాగికొన యత్నింపగా, అతడు కదలలేక నిలిచిపోయెను; డేథన్ ఒంటరియై తీవ్రముగా గాయపడెను. చావునకు చేరువైయున్న డేథన్‌కు నెగడు ప్రక్కన కూర్చుండి పికార్డ్ మానవజాతి గాథయైన గిల్గమెష్, ఎంకిడుల స్నేహకథను వినిపించెను. తరువాత రెండు నౌకలును యుద్ధమునకు దిగిన వేళ, పికార్డ్ టమేరియనుల భాషలోనే మాటలాడి యుద్ధము నాపెను. ఆనాడే టమేరియనుల భాషలో ఒక క్రొత్త పలుకుబడి పుట్టినది: ఎల్-అడ్రెల్ మీది పికార్డ్, డేథన్‌ల పేరు.

ప్రశంసించువారి మాట

ఈ కథను మెచ్చుకొను ప్రేక్షకులు ప్రధానముగా మూడు గుణములు చెప్పుదురు. మొదటిది వస్తువు. గ్రహాంతర కథలలో భాషాభేదమను చిక్కును ఏదో ఒక యంత్రముతో తొలగించి ముందుకు సాగుట పరిపాటి. ఈ కథ ఆ యంత్రమునే ఓడించి, ఆ చిక్కునే కథగా మలచినది. రెండవది నటన. ముఖమంతయు కప్పివేయు వేషముతో, ప్రేక్షకునికి తెలియని మాటలతో, విన్‌ఫీల్డ్ ఓర్పును, నిరాశను, వాత్సల్యమును కంఠస్వరముచేతనే తెలిపెను. మూడవది ముగింపు. శత్రువును గెలుచుటలో గాక, అతని మాటను నేర్చుటలో వీరత్వమున్నదని చూపుట పలువురి మనస్సులను తాకినది. చివర పికార్డ్ గ్రీకు భాషలోని హోమరు స్తోత్రములను చదువుచు కనిపించును. పరుల కథలను గ్రహించుటకు ముందు తన జాతి మూలకథలను ఎరుగవలెనను సూచన అందు కలదని వీరు వ్యాఖ్యానింతురు.

ఈ కథ భాషాబోధకుల తరగతి గదులలోనికిని ప్రవేశించినది. ‘లోయర్ డెక్స్’ అను హాస్య ధారావాహికలో 2021లో కేషాన్ అను టమేరియను అధికారి పాత్రగా వచ్చుట, ముప్పదియేండ్లు గడచినను ఈ భాషపై ప్రేక్షకుల మక్కువ తగ్గలేదనుటకు నిదర్శనము.

ఆక్షేపించువారి మాట

ఆక్షేపణలు సామాన్యమైనవి కావు. మొదటి ఆక్షేపణ మిక్కిలి బలమైనది. డార్మాక్ కథను తెలిసినవానికే డార్మాక్ పేరు అర్థమగును. అయినచో టమేరియను శిశువునకు ఆ కథను మొదట ఏ భాషలో చెప్పుదురు? కథ చెప్పుటకు సామాన్య వాక్యములు కావలయును. అవి యున్నచో వానితోనే పికార్డ్‌తో మాటలాడవచ్చును గదా! రెండవది శాస్త్రసంబంధమైనది. అంతరిక్ష నౌకను నిర్మించిన జాతికి కొలతలు, లెక్కలు, యంత్రభాగముల పేర్లు లేక సాగునా? పురాణపురుషుల పేర్లతో ఇంజను మరమ్మతు జరుగునా? మూడవది అనువాద యంత్రమును గూర్చినది. గోడ, నది, చేయి అను పదములను గ్రహించిన యంత్రము, ఆ పదముల కూర్పును గ్రహింపలేకపోవుట అసంబద్ధమని వీరి వాదము. కొందరు నీతిని కూడ ప్రశ్నింతురు. పరుల నౌకాధిపతిని అపహరించి మృగము నోటికి అందించుట మైత్రి కోరువాడు చేయదగిన పనియా యని వీరి సందేహము.

సమాధానములు

మొదటి ఆక్షేపణకు కథలోనే కొంత సమాధానము కలదు. పికార్డ్‌కు టెంబా యెవరో ఎవరును చెప్పలేదు. కొరవి చేతికందిన క్షణమున ఆ పేరు వినెను, దానమని గ్రహించెను. శిశువు నేర్చునదియు ఇట్లే. మాట ముందు, దాని కథ తరువాత. తెలుగునాట త్రిశంకుని చరిత్ర వినకయే ‘త్రిశంకు స్వర్గము’ అను మాటను సరిగా వాడువారెందరో కలరు. ఐనను ఈ సమాధానము అసంపూర్ణమే. పలుకుబడి బ్రతుకుటకు కథ తెలియనక్కరలేదు గాని, కథ నిలుచుటకు దానిని పూర్తిగా చెప్పువారుండవలెను. ఆ చెప్పుట ఎట్లు జరుగునో టెలివిజను కథ తెలుపలేదు. రెండవ ఆక్షేపణకును అందు సమాధానము లేదు. అంకెలకు వేరు సంకేతములున్నవని ఊహించుకొనుట ప్రేక్షకుని ఇష్టము.

మూడవ ఆక్షేపణ మాత్రము నిలువదు. పదార్థము తెలిసినంత మాత్రమున వాక్యార్థము తెలియదు. దీనిపై ఇయాన్ బోగోస్ట్ అను రచయిత 2014లో ‘ది అట్లాంటిక్’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. టమేరియనుల మాటలను రూపకములని పిలుచుట చాలదనియు, అవి ఒక పరిస్థితిలో ఎట్లు మెలగవలెనో తెలుపు వ్యూహములనియు ఆయన వాదము. పోరు నడుమ డేథన్ ఉజానీ సైన్యమును పేర్కొనినప్పుడు, మృగమును పిడికిలి విప్పి రప్పించి, పిడికిలి మూసి కొట్టవలెనని పికార్డ్ గ్రహించుట ఇందుకు తార్కాణము. అచట మాట వర్ణన కాదు, కర్తవ్యము.

ఈ వివాదమును తెలుగు అలంకారశాస్త్రము ఎరిగినవారు సులభముగా గ్రహింపగలరు. రూపకమున ఉపమేయము, ఉపమానము రెండును చెప్పబడును. ఉపమేయమును మ్రింగివేసి ఉపమానమును మాత్రమే చెప్పినచో అది రూపకాతిశయోక్తి యగును. టమేరియనుల వాక్యము ఈ రెండవదానికి దగ్గర. ‘మేము ఓడిపోతిమి’ అను మాట లేదు. కూలిన గోడలు మాత్రమే కలవు. ఐతే ఇచట ఉపమానము చంద్రుడో, పద్మమో కాదు. ఒక సంపూర్ణ కథ.

తెలుగు నుడికారముతో పోలిక

పరభాషీయుడు తెలుగు నేర్చి, నిఘంటువు చేతబూని ‘శల్యసారథ్యము’ అను మాటను విడదీసినాడనుకొందము. శల్యుడు ఒకని పేరు, సారథ్యము రథము తోలుట. ఇంతకుమించి నిఘంటువు పదములు ఏమియు చెప్పవు. దుర్యోధనుని ఆతిథ్యమునకు లోబడి అతని పక్షమున చేరిన శల్యుడు, ధర్మరాజునకిచ్చిన మాట చొప్పున, కర్ణుని రథము తోలుచునే అతని మనోధైర్యమును క్రుంగదీసెనని ఎరిగినవానికే, తోడున్నట్లు నటించి వెనుకకు లాగుట అను భావము స్ఫురించును. ‘అగస్త్యభ్రాత’ యనగా స్వంత పేరుతో గుర్తింపు లేనివాడని తెలియుటకు, రామాయణమున పేరు చెప్పబడని ఆ ముని తెలిసియుండవలెను. ‘ఉత్తరకుమార ప్రగల్భములు’ అను మాటయు, అంతఃపురమున బీరములు పలికి, కౌరవసేనను చూచి పారిపోయిన విరాటుని కొడుకును ఎరుగనివానికి వట్టి శబ్దము. చేప ఎందులకు ఎండలేదను ప్రశ్న వినగానే తెలుగువారు నవ్వుదురు. తప్పును ఒకరిపై నొకరు త్రోసివేసికొనుట అను భావము ఏడు చేపల కథ వినిపెరిగినవారికే తట్టును.

కావున టమేరియను భాష అసంభవమని కొట్టివేయుటకంటె, ప్రతి భాషలోను గల ఒక అవయవమును పెంచి చూపిన చిత్రమనుట సమంజసము. భేదమొక్కటే. తెలుగువాడు ఉత్తరకుమారుడనియు అనగలడు, పిరికివాడనియు అనగలడు. టమేరియనునకు రెండవ దారి లేదు.

ప్రవాసాంధ్ర సమాజములకు దీని ప్రసక్తి

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ కథ ప్రత్యేకముగా ఆలోచింపదగినది. యానాములో తెలుగే ఊరి భాష కావున అచటి స్థితి కొంత వేరు. తక్కిన చోట్ల భారత రామాయణముల నుండి వచ్చిన పలుకుబడులకు అంత భయము లేదు. ఆ కథలు కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ భాషలవారికిని సొంతమే. తెలుగింటి పిల్లవాడు భగీరథుని కథను పొరుగు భాషలో వినినను, ‘భగీరథ ప్రయత్నము’ అను తెలుగు మాట అతనికి అర్థమగును. ఆపద ఇంటి కథలకు కలదు. ఏడు చేపల కథ, ‘కన్యాశుల్కము’లోని గిరీశము మాటకారితనము, బొబ్బిలి కోట పతనము – ఇట్టివానిని తెలుగులో చెప్పువారు లేనిచో, పొరుగు భాష వానిని అదే చనువుతో తెచ్చి యీయజాలదు.

అక్షరములు నేర్చి, పాఠము తప్పులేక చదివి, నిఘంటువు చూచి అర్థము చెప్పు పిల్లవాడు ఎంటర్‌ప్రైజ్ నౌకలోని అనువాద యంత్రమువంటివాడు. పదములన్నియు అందును, అవ్వ నవ్వినది ఎందులకో అందదు. ఇందు పిల్లవాని లోపమేమియు లేదు. అవ్వ మాటాడినది కథలో. అతనికి అందినది పదములు. వ్యాకరణమును బడి నేర్పగలదు. కథను చెప్పుటకు ఇల్లు కూడ తోడు కావలయును. అల్పసంఖ్యాకుల భాషాపాఠశాలలలో తెలుగునకు దొరకు కొద్ది గంటలలోను, పలుకుబడి అర్థముతోపాటు దాని వెనుకనున్న కథను పూర్తిగా చెప్పుట వలన ఫలము హెచ్చు.

ఈ కథ చివరి భాగమున ఇంకొక పాఠము కలదు. టమేరియనుల భాష పాత గాథలతో ముగిసిపోలేదు. కన్నుల యెదుట జరిగిన క్రొత్త సంఘటన ఆనాడే పలుకుబడియై నిలిచినది. తరతరములుగా పరదేశమున బ్రతికిన తెలుగువారికిని తమ ఊరి వరద, తమ వలస, తమ వీధి పెద్ద, తమ సంత వ్యవహారము మొదలగువాని నుండి పుట్టిన మాటలుండును. అవి కోస్తాలోనో, తెలంగాణములోనో వినబడనంత మాత్రమున తెలుగు కాకపోవు. అట్టి మాటను వ్రాసికొనువారు దాని అర్థమును మాత్రమే వ్రాసినచో సగమే దక్కును. ఏనాడు, ఎచట, ఎవరి వలన పుట్టినదో ఆ వృత్తాంతమును కూడ, చెప్పగల పెద్దలున్నప్పుడే వ్రాసి యుంచవలెను. కథ తెలిసిన కడపటి మనిషి పోయిన పిదప, మిగులునది గోడలు కూలిన షాకా పేరువంటిదే: పలుకుటకు వచ్చును, భావము రాదు.

ఉపసంహారము

ప్రేక్షకులు ‘డార్మాక్’ను పొగడినను, తప్పుపట్టినను, ఒక విషయమున ఏకీభవింతురు. రెండు జాతుల నడుమ వంతెనగా నిలిచినది యంత్రము కాదు. నెగడు ప్రక్కన ఒకడు చెప్పగా వేరొకడు వినిన కథ. డేథన్‌కు గిల్గమెష్ కథలోని ప్రతి పదమును తెలిసినదని చెప్పుటకు వీలులేదు. ఐనను చెప్పుమని అతడు కోరెను, కడవరకు వినెను. భాషను నిలుపుకొనదలచిన సమాజమున కథ చెప్పువారును, కూర్చుండి వినువారును ఉన్నంతకాలము ఆ వంతెన తెగదు.