క్రియాటినిన్ ఒక్కటే, కిడ్నీ లెక్క వేరు

మా ఉచిత వైద్య శిబిరాలకు వచ్చేవారిలో చాలామంది రక్తపరీక్ష రిపోర్టు చేతికిచ్చి, "క్రియాటినిన్ 1.0 ఉంది, నార్మలే కదా?" అని అడుగుతారు. వయసు తెలియకుండా ఆ ప్రశ్నకు మేము జవాబు చెప్పలేం.

క్రియాటినిన్ కండరాల నుంచి రోజూ రక్తంలోకి వచ్చే వ్యర్థం. కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రంలోకి పంపుతాయి. వడపోత తగ్గితే రక్తంలో అది పెరుగుతుంది. అయితే కండ తక్కువున్న వారిలో తయారయ్యేదే తక్కువ. కాబట్టి కిడ్నీలు కొంత దెబ్బతిన్నా అంకె మామూలుగానే కనిపిస్తుంది. అందుకే డాక్టర్లు వయసును, ఆడా మగా తేడాను కలిపి, నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల వడపోత జరుగుతోందో అంచనా కడతారు. దాని పేరే ఇ.జి.ఎఫ్.ఆర్.

2021లో వచ్చిన సూత్రం ప్రకారం, క్రియాటినిన్ 1.0 ఉన్న 25 ఏళ్ళ యువకుడికి ఇది 107 వస్తుంది. 75 ఏళ్ళ దాదీకి 59 మాత్రమే. 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా లెక్కిస్తారు. వయసుతో వడపోత కొంత తగ్గడం సహజమే గనుక 59 చూసి హడలిపోనక్కర్లేదు. మూత్రంలో ఆల్బుమిన్ పోతోందా అన్నదీ చూడాలి. కానీ మోకాళ్ళ నొప్పులకని మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ మాత్రలు నెలల తరబడి మింగే పెద్దలకు ఈ అంకె తెలిసి తీరాలి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌ను 30 కంటే తగ్గితే ఆపేయాలి. మంచం పట్టి చిక్కిపోయిన వారిలో ఈ లెక్క కూడా ఉన్నదాని కంటే మెరుగ్గా చూపుతుంది. వారికి సిస్టాటిన్ సి పరీక్ష మేలు. (బక్రీద్ విందు మర్నాడే పరీక్షకు వెళ్ళకండి. వండిన మాంసం కూడా క్రియాటినిన్‌ను కాస్త పెంచుతుంది.)

పిల్లలకు పెద్దల సూత్రం పనికిరాదు. సెంటీమీటర్లలో ఎత్తును 0.413తో గుణించి, క్రియాటినిన్‌తో భాగిస్తారు. 110 సెంటీమీటర్ల పిల్లవాడికి క్రియాటినిన్ 0.4 అయితే సుమారు 114. అదే 1.0 అయితే 45! రిపోర్టు పక్కన అచ్చయిన పెద్దల హద్దుల ప్రకారం మాత్రం ఆ 1.0 నార్మలే. ముఖం, కాళ్ళు వాచిన బిడ్డ రిపోర్టును అలా చదివి పక్కన పెడితే చికిత్సకు దొరకాల్సిన సమయం చేజారిపోతుంది.

శిబిరానికి వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ, వాడుతున్న మాత్రల అట్టలతో సహా తీసుకురండి. పిల్లల ఎత్తు మేమే కొలుస్తాం.